ఎడం సేతి బోణీ

మా బిందు గురించి నరసన్నపేట బజార్లో ఎవరైనా మీకు ఏటైనా సెప్పి ఉంటే, ముందు అది మర్సిపోండి. సెయ్యి మంచిదనీ అంటారు, గాలి సోకిందనీ అంటారు, తాత గారాబం వల్ల సెడిపోనాదనీ అంటారు. అనేవోళ్ళకేటి, నోరు ఊరుకోదు. నేను దాని తల్లిని, పద్మకుమారిని. నాకూ నోరున్నాది. అందరికంటే కాస్త ఎక్కువే ఉన్నాదని పెళ్ళైన వారానికే మా అత్తగారు సుభద్రమ్మగారు తేల్సేసినారు. అంచేత జరిగింది జరిగినట్టు నేనే సెప్తాను.

మాది కిరాణా కొట్టు. మా మావగారు రంగనాథం షావుకారు పెట్టింది. కొట్టు ముందు, ఇల్లు ఎనక. పొద్దున్న షట్టరు ఎత్తిన కాడి నుంచి ఆయనకి ఎన్ని పద్ధతులో! కాటాకి దండం, గల్లా పెట్టెకి దండం. సరుకు అయిపోతే అయిపోనాదని అనకూడదు, నిండుకున్నాది అనాలి. బోణీ అవ్వకుండా అప్పు ఇవ్వరు, అగ్గిపెట్టె అయినా సరే. ఎవడైనా పొద్దున్నే వచ్చి బేరమాడి కొనకుండా ఎళ్ళిపోతే, మద్దేన్నం అన్నం దగ్గిర కూడా వాణ్ణే తిడుతూ తినేవోరు. బజారంతా అంతే లెండి. యాపారం సేసేవోళ్ళ ఇళ్ళల్లో బోణీ అంటే దేవుడి తర్వాత దేవుడు.

బిందుకి ఆరో ఏడో ఏళ్ళప్పుడు, ఓ రోజు ఇంకా ఎవరూ రాక ముందే కొట్లోకి ఎళ్ళి, రూపాయి బిళ్ళ ఇచ్చి, "తాతా, పటికబెల్లం ఇయ్యి" అన్నాది. ఆయన నవ్వుకుని ఇచ్చినారు. ఆ రోజే పల్లెటూరి నుంచి పెళ్ళివోరు ట్రాక్టరేసుకొచ్చి సరుకంతా మా కొట్లోనే కట్టించుకున్నారు. మర్నాడు మళ్ళీ దానిసేతే బోణీ సేయించినారు, మళ్ళీ బేరాలు బాగున్నాయి. ఇంకేటి, మా బిందమ్మ సెయ్యి మంచిదని మావగారు బజారంతా టముకేసేసినారు.

అక్కడి నుంచి అది బడికి ఎళ్ళే దారంతా పిలుపులే. "బిందమ్మా, మా కొట్టుకీ ఓసారి రా తల్లీ." పక్కనున్న ఫ్యాన్సీ కొట్టు సోములుగారు రిబ్బనుముక్క ఇచ్చేవోరు, ఎదురుగా మందుల షాపాయన దగ్గుబిళ్ళ ఇచ్చేవోడు. రూపాయి కుడిసేత్తో ఇవ్వాలి, కుడికాలు ముందు పెట్టాలి. అది పద్ధతిగా సేసేది. జేబు నిండా రిబ్బన్లూ పిన్నీసులూ ఏసుకుని బడికి ఎళ్ళేది. నాకు సంబరంగానే ఉండేది. కూతురి సెయ్యి మంచిదంటే ఏ తల్లికి సేదు సెప్పండి?

తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ముసురు పట్టిన రోజు. కుడిసేత్తో గొడుగు పట్టుకున్నాది, భుజానికి పుస్తకాల సంచీ. సోములుగారి కొట్టుకాడ ఆగి రూపాయి ఎడం సేత్తో ఇచ్చేసినాది. ఆయన సరదా మనిషి. "ఏటి బిందమ్మా, ఎడం సేత్తోనా! నా కొంప ముంచుతావేటి?" అని నవ్వి రిబ్బను ఇచ్చినారు. మర్నాడు తెల్లారేసరికి గుండె ఆగి సచ్చిపోనారు.

వాళ్ళింటికాడ అందరం కూడినాం. సెల్ ఫోన్ల కొట్టు వెంకీ ఉన్నాడు, వాడి నోటికి మూత ఉండదు. "నిన్న బిందు ఎడం సేత్తో బోణీ సేసినాదంట. సోములు మావే నవ్వుతూ సెప్పినాడు పాపం" అన్నాడు. వాడు సెడ్డ బుద్ధితో అన్లేదు. సావు ఇంటికాడ ఏదో ఒకటి మాటాడాలి కదా, మాటాడినాడు. కానీ నా ఎనకాల బిందు నిలబడి ఉన్నాది, సోములుగారి భార్యకి ఇద్దామని గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని. ఆ నీళ్ళు ఇవ్వలేదు. గ్లాసు అరుగు మీద పెట్టేసి ఇంటికి ఎళ్ళిపోనాది.

తర్వాత ఏటి జరిగినాదో మాకు కనబడలేదు. కనబడినాది గానీ, మేం దాన్ని ఇంకోలాగ సదువుకున్నాం. తాతకి రూపాయి ఇచ్చి, గుమ్మం దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ ఇచ్చేది. "సరిగ్గా ఇవ్వలేదు తాతా" అనేది. కాలు సరిగ్గా పడలేదని మళ్ళీ. మనసులో ఏదో సెడ్డ మాట వచ్చిందని మళ్ళీ. మా మావగారు ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ పుచ్చుకునేవోరు. బయట కొనేవోళ్ళు నిలబడి ఉండేవోరు. "మా బిందమ్మ బోణీ అవ్వనీండి, తర్వాత మీకు" అనేవోరు. మా అత్తగారైతే మురిసిపోయేవోరు. "ఈ కాలం పిల్లల్లో ఇంత పద్ధతి ఎక్కడున్నాదే? ఎవరి పోలికనుకున్నావు, నా పోలిక" అని ఆవిడ.

సేతులు కడగడం మొదలెట్టినాది. మురికి అని కాదు, సెయ్యి శుద్ధి అవ్వాలని. కుళాయి కింద సేతులు పెడితే తియ్యదు. అరిసేతులు పగిలి నెత్తురొస్తే కొబ్బరినూనె రాసి గుడ్డ సుట్టినాను. మా అత్తగారు దానికని వేరే సబ్బు, వేరే రాగి సెంబు పెట్టినారు. బడికి ఆలస్యమైపోతన్నాదని మా ఆయన విజయ్‌కుమార్ రోజూ బండి మీద దించేవోడు. ఇక నా వంతు ఏటంటే, జవాబు సెప్పడం.

"అమ్మా, తాతకి ఏటీ అవ్వదు కదా?"

"అవ్వదే."

"నిజంగా?"

"నిజంగానే తల్లీ."

అప్పటికే మావగారికి గుండె నొప్పి వస్తండేది. నాలిక కింద బిళ్ళ పెట్టుకుని కొట్లో కూకునేవోరు. ఆయన సెయ్యి గుండె మీదికి ఎళ్తే సాలు, ఇది పరిగెత్తుకొచ్చి నన్ను అడిగేది. వంట సేస్తంటే అడిగేది, స్నానం సేస్తంటే తలుపు కొట్టి అడిగేది. నేను "అవ్వదు" అంటే దాని మొకం కాసేపు తేటపడేది. మళ్ళీ అడిగేది. ఇంటిల్లిపాదీ ఆ భయానికి ఊడిగం సేసినాం. అదే ప్రేమ అనుకున్నాం, అంతకంటే మాకు ఏటి తెలుసు?

ఇంటర్లోకి వచ్చేసరికి అన్నం కలుపుకోవడం మానేసినాది. దాని సెయ్యి తగిలిన కంచం ఎవరు తాకినా వాళ్ళకి ఏదో అవుతాదంట. ఎవరికీ ఏ వస్తువూ అందించదు. సేతులు పంజాబీ డ్రెస్సు సున్నీలో సుట్టుకుని ఓ మూల కూకుంటాది. పదహారేళ్ళ పిల్లకి నేను ముద్దలు కలిపి నోట్లో పెట్టేదాన్ని. కాలేజీలో రాసిన జవాబే కొట్టేసి మళ్ళీ రాసి, పేపరు సగంలో ఇచ్చేసి వచ్చేది. టెన్తులో బడికే ఫస్టు వచ్చిన పిల్ల అది! నాకు కోపం వచ్చి ఓసారి సెంప మీద కొట్టినాను. అది ఏడవలేదు. నా సేతికేసి బెదురుగా సూసి, "అమ్మా, నన్ను తాకినావు, సెయ్యి కడుక్కో" అన్నాది.

"శ్రీకూర్మం తీసుకెళ్ళండి, కూర్మనాథుడే సూసుకుంటాడు" అన్నారు మావగారు. సరేనని నేనూ బిందూ ఎళ్ళినాం. దర్శనం అయినాది. ఆవరణలో తాబేళ్ళని సూపిస్తే కాస్త నవ్వినాది కూడా. ప్రదక్షిణ సేసొస్తానని ఎళ్ళినాది. ఎళ్ళినాది, ఇంక రాదు. మూల దాకా ఎళ్తాది, ఎనక్కి వస్తాది. మళ్ళీ మొదటి నుంచి. ఎండ నడినెత్తికొచ్చినాది, రాయి పెనంలాగ కాలతన్నాది. దాని పెదాలు కదుల్తూనే ఉన్నాయి. ఎవరో పల్లెటూరి ముసలమ్మ స్తంభం నీడలో కూకుని దాన్నే సూస్తన్నాది. "ఏ తల్లి కన్నదో గానీ, ఏటి భక్తమ్మా!" అని లేసి, అది పక్క నుంచి ఎళ్తంటే వొంగి దండం పెట్టినాది.

నేను ఎళ్ళి దాని జబ్బ పట్టుకున్నాను. పాదాలు బొబ్బలెక్కిపోనాయి. మొకమంతా సెమటా కన్నీళ్ళూ కలిసిపోనాయి. పళ్ళు బిగబట్టి అన్నాది, "అమ్మా, నన్ను ఆపవే. నాకు ఆగడం రావట్లేదు."

భక్తీ లేదు, పద్ధతీ లేదు, పాడూ లేదు. నా పిల్ల మునిగిపోతంటే మేం గట్టు మీద నిలబడి సప్పట్లు కొడతన్నాం. ఆటోలో ఇంటికొచ్చే దారి పొడుగునా దాని తల నా ఒళ్ళో పెట్టుకుని నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆటో అబ్బాయి పాపం రేడియో కట్టేసినాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే సెప్పేసినాను, డాక్టరుకి సూపిస్తానని. ఏ డాక్టరు అన్నారు అత్తగారు. మనసు డాక్టరు అన్నాను. ఒలమ్మో, ఇంకేటున్నాది!

"పిచ్చి డాక్టరు దగ్గిరికా? షావుకారి మనవరాలికి పిచ్చంటే బజార్లో తలెత్తుకోగలవేటే?"

"తల నాది, నేను ఎత్తుకుంటానో దించుకుంటానో నేను సూసుకుంటాను. ముందు మీరు దాని సేతులు సూడండి!" అని బిందు సేతులకున్న గుడ్డ లాగేసి ఆవిడ ముందు పెట్టినాను. ఆవిడ మొకం తిప్పేసుకున్నారు. మావగారు కాటా దగ్గిర నుంచి కదల్లేదు. మా ఆయన తండ్రి ముందు గొంతెత్తి మాటాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు సెప్పులేసుకుని, "రేపు పొద్దున్న శ్రీకాకుళం ఎళ్తన్నాం నాన్నా. కొట్టు మీరు సూసుకోండి" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగిన రోజు అది.

డాక్టరమ్మ సిన్న పిల్లలాగే ఉన్నాది. మమ్మల్ని అడగలేదు, బిందునే అడిగినాది. "నువ్వు ఆగిపోతే ఏమవుతుందని భయం?" బిందు సున్నీ నలుపుకున్నాది. తర్వాత అన్నాది, "సోములు తాతని నేనే సంపీసినాను. ఇప్పుడు మా తాతని సంపీస్తాను." అన్నేళ్ళుగా అదే మాట మోస్తన్నాదంట. మా ఆయన లేసి బయటికి ఎళ్ళిపోనాడు.

దీన్ని ఓసీడీ అంటారంట. డాక్టరమ్మ కాగితాల మీద ఏటీ గీయలేదు, మామూలుగా సెప్పినాది. తాళం ఏసినామా లేదా అని రెండోసారి సూసుకోవడం, పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగడం, పిల్లలు గళ్ళ నేల మీద గీత తొక్కకుండా నడవడం, ఇలాంటివి అందరికీ ఉంటాయంట. సానామంది పిల్లలకి ఓ వయసులో వచ్చి వాటంతట అవే పోతాయంట. "అవి ఉన్నంత మాత్రాన జబ్బు కాదమ్మా. అవి రోజుని మింగేస్తున్నాయా, చదువుని, తిండిని ఆపేస్తున్నాయా, పిల్ల వద్దనుకున్నా ఆగట్లేదా, అది చూడాలి. బిందుకి అక్కడిదాకా వచ్చేసింది. ఇది నయం చేసుకోవచ్చు" అన్నాది. మందులు రాసినాది. రోజుకి కాస్త కాస్త భయపడే పనే సెయ్యాలి, సేసి కడుక్కోకుండా, మళ్ళీ సెయ్యకుండా, ఆ భయం దానంతటది తగ్గేదాకా కూకోవాలి. మాకు రెండు మాటలు సెప్పినాది. బోణీ సేయించకూడదు. అది అడిగితే "ఏటీ అవ్వదు" అని సెప్పకూడదు.

"మరేటి సెప్పమంటారు?" అన్నాను.

"తెలీదు అని చెప్పండి. మీ ధైర్యం అరువిస్తుంటే తన ధైర్యం ఎప్పుడు పెరుగుతుంది?"

సెప్పడానికేటి, సులువే. ఆ సాయంత్రం అది వచ్చి, "అమ్మా, తాతకి ఏటీ అవ్వదు కదా?" అన్నాది. "తెలీదే" అన్నాను. నా కొంగు పట్టుకుని, "ఒక్కసారి సెప్పమ్మా, ఒక్కసారి" అని గింజుకున్నాది. "తెలీదు, తెలీదు, తెలీదు!" అని అరిసి, బాత్రూంలోకి ఎళ్ళి కుళాయి తిప్పేసి, ఆ సప్పుడులో ఏడిసినాను. అవ్వదే తల్లీ అని నోటి దాకా వచ్చిన మాటని మింగడం ఎంత కష్టమో ఏ తల్లినైనా అడగండి.

మావగారు మాత్రం ఇది సాగనిచ్చేవోరు కాదు. మేం సూడకుండా సాటుగా రూపాయి దాని సేతిలో పెట్టి బోణీ సేయించేవోరు. దొరికిపోనారు. నేను కొట్లోకి ఎళ్ళి, కొనేవోళ్ళ ముందే, "మావయ్యా, మీకు పిల్ల కావాలా, బోణీ కావాలా?" అని అడిగేసినాను. కోడలు అలాంటి మాట అనకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన్ని కూడా తీసుకురమ్మని డాక్టరమ్మ కబురంపితే, కిమ్మనకుండా ఇస్త్రీ సొక్కా తొడుక్కుని వచ్చి బండిలో కూకున్నారు.

అక్కడ ఆయన మొండిగానే మొదలెట్టినారు. "నేను రోజూ కాటాకి దండం పెడతాను. నాదీ జబ్బేనా అయితే?"

డాక్టరమ్మ నవ్వినాది. "ఒక రోజు పెట్టకపోతే ఏమవుతుందండీ?"

"మనసు బాగోదు."

"ఎంతసేపు?"

"మొదటి బేరం వచ్చీదాకా. బేరం పడితే మర్సిపోతాను."

"బిందుకి ఆ మొదటి బేరం ఎప్పటికీ రాదండీ" అన్నాది డాక్టరమ్మ.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నా పక్కనే కూకున్నారు. సింగుపురం దాటినాక కాబోలు, "అంటే అది రోజంతా బోణీ కాని కొట్లో కూకున్నట్టే కదే పద్మా" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుసుకున్నారు. ఆ తర్వాత ఆయన దాన్ని బోణీకి పిలవలేదు. బజార్లో ఎవరైనా పిలిస్తే కర్రెత్తుకుని ఎళ్ళేవోరు.

నెమ్మదిగా కుదురుకున్నాది. కుదురుకోవడం అంటే ఒక రోజు మెరుగు, రెండు రోజులు ఎప్పట్లాగే. నానమ్మకి ఎడం సేత్తో మంచినీళ్ళు ఇమ్మంటే సగం నీళ్ళు ఒలికిపోయేవి. మా అత్తగారు కూడా "పెరుమాళ్ళా" అనుకుంటూ కళ్ళు మూసుకుని తాగేవోరు. ఓ రోజు బిందు తన అన్నం తనే కలుపుకున్నాది. పప్పన్నం. నేను సూడనట్టు స్టవ్వు తుడుస్తూ నిలబడ్డాను.

అప్పుడు మావగారికి నొప్పి ముదిరినాది. బైపాస్ సెయ్యాలన్నారు, విశాఖపట్నం తీసుకెళ్ళాలి. బిందు మళ్ళీ కుళాయి దగ్గిరికి సేరిపోనాది. మళ్ళీ సేతులకి గుడ్డలు. నన్ను అడగడం మొదలెట్టినాది. నేను తెలీదంటాను. ఈసారి నిజంగానే నాకు తెలీదు.

బయల్దేరే రోజు పొద్దున్న. కారు ఎదురుగా ఆగి ఉన్నాది. మావగారు గెడ్డం గీసుకుని, తెల్ల పంచె కట్టుకుని, కారెక్కకుండా కొట్లోకి ఎళ్ళి గల్లా పెట్టె ఎనకాల కూకున్నారు. షట్టరు ఎత్తించినారు. "బిందమ్మా" అని పిలిసినారు. అది గుమ్మం కాడికి వచ్చి నిలబడ్డాది.

"బోణీ సెయ్యి తల్లీ. ఎడం సేత్తో ఇయ్యి."

"మావయ్యా! ఏటి మీరంటన్నారు? డాక్టరమ్మ సెప్పినాదా ఇలాగ సెయ్యమని?"

"సెప్పలేదు. నేనే సెప్తన్నాను."

"ఈ రోజు వద్దు మావయ్యా. వచ్చినాక సేయించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"వచ్చినాక అయితే దాంట్లో ఏటున్నాదే?" అన్నారు. తర్వాత గుమ్మంలోకొచ్చి బజారుకేసి సూసి కేకేసినారు. వెంకీ వచ్చినాడు, మందుల షాపాయన వచ్చినాడు, సోములుగారి భార్య కూడా కొంగు సర్దుకుంటూ వచ్చినాది.

"అందరూ వినండి. నా గుండె పాడైపోనాది, డాక్టర్లు కోస్తారు. బతికితే వాళ్ళ సలవ. సస్తే నా గుండె తప్పు. నా మనవరాలి సెయ్యి తప్పని ఎవడైనా అన్నాడా, వాడికి నా కొట్లో ఉప్పు కూడా పుట్టదు. ఒరే వెంకీ, నీకే సెప్తన్నాను."

వెంకీ తలొంచుకున్నాడు. బిందు కదల్లేదు. "వద్దు తాతా, వద్దు తాతా" అంటన్నాది. ఆయన వచ్చి దాని ఎడం సేతిలో రూపాయి పెట్టి, ఎళ్ళి మళ్ళీ తన సోట్లో కూకుని సెయ్యి సాపినారు. పిలవలేదు, తొందరపెట్టలేదు. కారు డ్రైవరు హారన్ కొడితే మా ఆయన ఎళ్ళి వాణ్ణి ఆపినాడు.

అది ఎడం కాలు ముందు పెట్టి గుమ్మం ఎక్కినాది. ఎడం సేత్తో రూపాయి ఇచ్చినాది. మావగారు దాన్ని కళ్ళకద్దుకుని గల్లాలో ఏసినారు. అప్పుడు సూసినాను ఆయన సెయ్యి. దాని సెయ్యి ఎంత ఒణుకుతన్నాదో ఆయనదీ అంతే ఒణుకుతన్నాది. ఆయనకీ భయమే! ముప్పాతిక వయసు బోణీని నమ్ముకుని బతికిన మనిషి మరి. పటికబెల్లం ముక్క తీసి దాని నోట్లో పెట్టి, తల నిమిరి కారెక్కినారు.

ఆపరేషన్ బాగానే అయినాదన్నారు. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు సేరినాదన్నారు. తర్వాత ఫోన్లో మా ఆయన ఏడుపు వినబడ్డాది. డాక్టర్ల తప్పు లేదు, ఆయన గుండె అప్పటికే సగం సచ్చి ఉన్నాదంట. అంబులెన్సులో తెచ్చినారు. ఎంత పని సేసినావు మావయ్యా, దానికి ధైర్యం ఇద్దామని ఎళ్ళి దాని నెత్తిన ఎంత బరువు పెట్టి పోనావు అని ఆయన కాళ్ళకాడ కూకుని తిట్టినాను. తిడుతూ ఏడిసినాను. నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమా ఎప్పుడూ రాలేదు.

సుట్టాల్లో ఒకాయన, పలాస నుంచి వచ్చినాడు, అరుగు మీద కూకుని మొదలెట్టనే మొదలెట్టినాడు. "బయల్దేరిన రోజు ఆ పిల్ల ఎడం సేత్తో..." అంతే, పక్క నుంచి వెంకీ లేసినాడు. "నోరు ముయ్యండి బాబూ. షావుకారు మా అందరి ముందూ సెప్పి మరీ ఎళ్ళినాడు. ఇంకో మాటన్నారంటే మర్యాద దక్కదు." ఎవరి నోటి నుంచి ఆ మాట మొదలైనాదో వాడే దాన్ని ఆపినాడు. ఇది మావగారు సూడాల్సింది.

మనుషుల్ని పంపించి లోపలికొచ్చేసరికి బాత్రూంలో కుళాయి సప్పుడు. నాకు తెలిసిపోనాది. తలుపు దగ్గిర నిలబడ్డాను. కొట్టలేదు. నీళ్ళు పడతన్నాయి, పడతన్నాయి, పడతన్నాయి. అయిపోనాది, ఇన్నాళ్ళ కష్టమూ నీళ్ళలో కొట్టుకుపోనాది అనుకున్నాను.

కుళాయి ఆగినాది.

తలుపు తీసుకుని బిందు వచ్చినాది. సేతుల నుంచి నీళ్ళు కారతన్నాయి. కళ్ళు ఎర్రగా వాసిపోనాయి. నన్ను సూసి నోరు తెరిసినాది. ఏటి అడుగుతాదో నాకు తెలుసు. కాదే తల్లీ, నీ సెయ్యి వల్ల కాదే, కాదే, కాదే అని వెయ్యిసార్లు సెప్పడానికి నేనూ నోరు తెరిసేసినాను. డాక్టరమ్మ ఏటి సెప్తే నాకేటి, తాత సచ్చిపోయిన రోజున కూడా తెలీదు అనాలా నేను?

అది సెయ్యెత్తి నా నోరు మూసేసినాది. తడి సెయ్యి. ఎడం సెయ్యి. అన్నేళ్ళలో అదిగా నన్ను ముట్టుకోవడం అదే.

"సెప్పకమ్మా. నువ్వు సెప్తే నేను మళ్ళీ అడుగుతాను."

అది సెయ్యి తీసి, సున్నీకి తుడుసుకుని, వంటింట్లోకి ఎళ్ళినాది. సోములుగారి భార్య పంపించిన అన్నం గిన్నెలో ఉన్నాది. కంచంలో పెట్టుకుని, సారు పోసి, తన సేత్తో కలిపినాది. కబురు తెలిసిన కాడి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా గోడకి ఆనుకుని ఉన్న మా అత్తగారి ముందు ఎళ్ళి కూకున్నాది. ముద్ద సేసి ఆవిడ నోటి దగ్గిర పెట్టినాది. మెతుకులు రాలతన్నాయి.

మా అత్తగారు దాని సేతికేసి సూసినారు. బోణీలూ శకునాలూ మావగారికంటే ఎక్కువ నమ్మే మనిషి ఆవిడ. పసుపూ కుంకమూ పోగొట్టుకుని కూకున్న మనిషి.

సుభద్రమ్మగారు ముద్ద కోసం నోరు తెరిసినారు.